కొనేవాడికీ చెవి ఉండేది

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, ప్రభుత్వ భవన నిర్మాణ పనుల్లో చిరకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక ఇంజనీరు, ఇటుకను, కర్రను, రాతిని తట్టి, మోత విని మంచిచెడ్డలు తెలుసుకునే విద్య గురించి చేసిన ప్రసంగం ఇది. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి ఇస్తున్నాము. తడబాట్లను మాత్రమే తీసివేశాము.)

సభలోని పెద్దలకు, పిల్లలకు నమస్కారం. ఈ బల్ల మీద మూడు ఇటుకలు పెట్టాను. వాటిని గురించి నేను మాట్లాడడానికి ముందు వాటినే మాట్లాడనిస్తాను. ఇదిగో, ఈ రెండింటినీ ఒకదానికొకటి తాకిస్తున్నాను. విన్నారా? ఖంగుమన్నాయి. ఇప్పుడు వీటిలో ఒకదాన్ని పక్కన పెట్టి, ఆ మూడోదాన్ని తీసుకుంటున్నాను. వెనక వరుసలో ఉన్నవారికి వినిపించిందా? లేదంటున్నారు. నిజమే, వెనక దాకా రాదు. దబ్బుమని ఇక్కడే, నా చేతిలోనే ఆగిపోయింది. ఈ మూడూ ఒకే బట్టీవి. ఒకే మట్టి, ఒకే అచ్చు, ఒకే కాల్పు. మొదటి రెండూ బట్టీ నడుమ నుంచి తీసినవి, మూడోది అంచు వరుసలోది. రంగు చూసి తేడా చెప్పమంటే, ఈ ట్యూబులైటు వెలుగులో నాకు కూడా కష్టమే. చెవికి మాత్రం ఒక్క క్షణం చాలింది.

మాది నాగావళి ఒడ్డున ఒక పల్లె. మా నాన్నగారు తాపీ మేస్త్రీ. బళ్ళ మీద ఇటుక దిగుతున్నప్పుడు నన్ను పక్కన నిలబెట్టుకొని, రెండు ఇటుకలు తాకించి, “ఏటన్నాదిరా?” అని అడిగేవారు. ఇటుక ఎలా ఉన్నదని అడిగేవారు కాదు, ఏమన్నదని అడిగేవారు. నేను “బాగున్నాది” అంటే ఒప్పుకునేవారు కాదు. మళ్ళీ తాకించేవారు, మళ్ళీ “ఏటన్నాది?” అనేవారు. మంచిది ఇలా ఉంటుంది, చెడ్డది అలా ఉంటుంది అని ఆయన ఒక్కనాడూ వివరించలేదు. కుడిచేతి పక్కన ఒక మంచి ఇటుక, ఎడమచేతి పక్కన ఒక చెడ్డ ఇటుక పెట్టి వదిలేశారు, అంతే. నేను వాటిని తాకించుకుంటూ రోజులు గడిపాను. ఆ చెడ్డ ఇటుకను ఆయన పారేయకుండా, పని జరిగినన్నాళ్ళూ ఒక మూల దాచి ఉంచేవారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో దీని దగ్గరికే మళ్ళీ వస్తాను.

ఇటుకను పట్టుకోవడంలో కూడా ఒక పద్ధతి ఉంది. నేను మొదట్లో అరచేతిలో బిగించి పట్టుకునేవాడిని. ఎంత మంచి ఇటుకైనా పలికేది కాదు. మా నాన్నగారు నా చేతి మీద చిన్నగా ఒక దెబ్బ వేసి, “పీక నొక్కితే ఏటి పలుకుతాదిరా?” అన్నారు. తరవాత చివర నుంచి రెండు అంగుళాలు లోపలికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, జారిపోకుండా సరిపడేంత మాత్రం పట్టు ఉంచి, ఇటుకను కిందికి వేలాడనిచ్చి చూపించారు. ఇలాగ. చూస్తున్నారు కదా. ఇప్పుడు ఇంకో ఇటుకతో నడుమ మీద తాకిస్తే గొంతు ఎంత విచ్చుకుంటుందో వినండి. చాలా ఏళ్ళ తరవాత నేను పాలిటెక్నిక్‌లో చదువుతున్నప్పుడు, ఒక కడ్డీని కొడితే అది ఎక్కడ ఊగుతుంది, ఎక్కడ ఊగకుండా నిలిచి ఉంటుంది అన్న పాఠం వచ్చింది. రెండు కొసల నుంచీ పొడవులో నూటికి సుమారు 22 పాళ్ళ దూరంలో ఉన్న చోట్లు కదలవట. అక్కడ పట్టుకుంటే ధ్వనికి అడ్డం ఉండదు. తొమ్మిది అంగుళాల ఇటుకకు లెక్క వేసి చూశాను. రెండు అంగుళాలు వచ్చింది! ఆ రోజు తరగతిలో నా కళ్ళు చెమర్చాయి. మా నాన్నగారికి సంతకం తప్ప రాయడం రాదు.

మరి ఇటుక ఎందుకు పలుకుతుంది? పచ్చి ఇటుక ఎండిన మట్టి మాత్రమే. దానిలోని రేణువులు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి గాని ఒకటిగా అతుక్కొని ఉండవు. బట్టీలో వేడి సుమారు 900 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు మట్టిలో కొంత భాగం కరిగి, మిగిలిన రేణువులను పట్టి బిగిస్తుంది. అలా బిగిసిన ముద్దలో దెబ్బ తాలూకు అలుపు లేని కదలిక ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, తిరిగి వచ్చి, మళ్ళీ పోతుంది. దాన్నే మనం మోత అంటున్నాము. సరిగా కాలని ఇటుకలో, లేదా లోపల పగులు ఉన్న ఇటుకలో, ఆ కదలిక రేణువుల సందుల్లో రాపిడికి లోనై అక్కడికక్కడే చచ్చిపోతుంది. అంటే మోత ఇటుక గట్టిదనాన్ని, అది ఏకఖండంగా ఉండడాన్ని ఒకేసారి చెబుతుంది. ఇది మేస్త్రీల మూఢనమ్మకం కాదు. రెండు ఇటుకలను తాకించినప్పుడు లోహంలాగా మోగాలని మన సివిల్ ఇంజనీరింగు పాఠాల్లోనే రాసి ఉంటుంది. విద్యార్థులు పరీక్షలో దానికి ఒక మార్కు తెచ్చుకుంటారు. ఎంతమంది తాకించి విన్నారని అడిగితే చేతులు లేవవు.

ప్రయోగశాల పరీక్షలు అక్కరలేదని నేను అనడం లేదు. వాటితోనే నా ఉద్యోగమంతా గడిచింది. భారత ప్రమాణం 1077 ప్రకారం, మనం మామూలుగా వాడే తరగతుల ఇటుకను 24 గంటలు నీటిలో నానబెడితే, అది తన బరువులో నూటికి 20 పాళ్ళకు మించి నీరు తాగకూడదు. ఎంత బరువుకు నలుగుతుందో కూడా యంత్రం మీద చూస్తారు. అవన్నీ కావలసినవే. అయితే లోడులో వేల ఇటుకలు వస్తే పరీక్షకు వెళ్ళేవి ఎన్ని? చేతి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. మిగిలిన వేల ఇటుకలను పరీక్షించేది ఎవరు? గోడ కట్టేటప్పుడు ప్రతి ఇటుకా మేస్త్రీ చేతిలోకి వస్తుంది, ప్రతి ఇటుక మీదా తాపీ అంచు ఒకసారైనా తగులుతుంది. మా నాన్నగారు మాటల్లో ఉండగానే, ఉన్నట్టుండి ఒక ఇటుకను వెనక్కు విసిరేసేవారు. ఎందుకు అని అడిగితే, “గొంతు రాసుకుపోనాది” అనేవారు. దేశంలో ఏ ప్రయోగశాలా చేయలేని పని అది. ఒక్క ఇటుకను కూడా వదలకుండా, పని ఆపకుండా, పైసా ఖర్చు లేకుండా జరిగే పరీక్ష. వంశధార ఒడ్డున శాలిహుండంలో, 1919లో గిడుగు వెంకట రామమూర్తి గారు గుర్తించిన ఆ బౌద్ధ క్షేత్రంలో, ఇటుకతో కట్టిన స్తూపాల అడుగులు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. వాటిని కట్టినవారికి ప్రయోగశాల లేదు, చెవి, చెయ్యి, కన్ను ఉన్నాయి. (అక్కడికి వెళ్ళినప్పుడు ఆ ఇటుకలను మాత్రం తట్టి చూడవద్దు పిల్లలూ, అవి రక్షిత కట్టడాలు.)

ఇక చెవి ఎక్కడ పొరబడుతుందో కూడా చెప్పాలి. చెప్పకపోతే నేను సగమే చెప్పినవాడిని అవుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వంశధార అవతలి వైపు ఒక చిన్న భవనం పని నా చేతిలో ఉండేది. శ్రావణ మాసం. మూడు బళ్ళ ఇటుక వచ్చింది. నేను గర్వంగా వెళ్ళి తాకించి చూశాను. ఒక్కటీ పలకలేదు. మొత్తం వెనక్కు పంపించమన్నాను. అక్కడున్న ముసలి మేస్త్రీ నా పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా, “తడిసిన తప్పెట పలుకుతాదేటి బాబూ?” అన్నాడు. మన తప్పెటగుళ్ళ వారు ఆటకు ముందు తప్పెటను, ఆ తోలు వాద్యాన్ని, మంట సెగకు ఎందుకు చూపిస్తారో మీలో చాలామందికి తెలుసు. నీరు పట్టిన ఇటుక కూడా అంతే, ఎంత బాగా కాలినా మొద్దుగానే మాట్లాడుతుంది. నేను వినలేదు. పంపించేశాను. నాలుగు ఇటుకలు మాత్రం అతను తీసి, వంట చేసుకునే పాక చూరు కింద పెట్టుకున్నాడు. మూడో రోజున వాటిని నా బల్ల మీదకు తెచ్చి తాకించాడు. కంచులాగా మోగాయి. ఆ బట్టీ నడిపేది చిన్న మనిషి. రాకపోకల బండి కిరాయి ఆయన నెత్తిన పడింది. వెళ్ళి క్షమించమని అడిగాను, ఆయన క్షమించాడు. ఆ బరువు మాత్రం నాకు ఇంకా తీరలేదు.

చెవికి తెలియనివి ఇంకా ఉన్నాయి. మట్టిలో ఉప్పు ఉంటే ఇటుక బాగానే మోగుతుంది, కట్టిన తరవాత గోడ మీద తెల్లగా పూస్తుంది. మట్టిలో సున్నపు గుళికలు ఉండిపోతే, కాలినప్పుడు అవి కాల్చిన సున్నంగా మారి, ఇటుక తడిసినప్పుడు ఉబ్బి, పొరలుగా పగలగొడతాయి. మోతలో ఇది కూడా తెలియదు. అందుకే మా నాన్నగారు కొత్త బట్టీ ఇటుకను తాకించి ఊరుకునేవారు కాదు. రెండింటిని నీళ్ళ తొట్టిలో రాత్రంతా వేసి, పొద్దున్న తీసి ఎండలో పెట్టి చూసేవారు. నిజమైన పనివాడు తన చెవిని నమ్ముతాడు, ఆ చెవి హద్దులను కూడా ఎరిగి ఉంటాడు. ఈ రెండోది లేకపోతే మొదటిది ప్రమాదం.

కర్ర దగ్గరికి వద్దాము. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో పెంకుటిళ్ళకు, పశువుల సాలలకు తాటి దూలాలు ఎన్ని వేశారో మీకు తెలుసు. తాటి మానుకు చేవ బయటి వైపు ఉంటుంది. నల్లటి ఈనెలతో, గొడ్డలి కూడా మొండికేసేంత గట్టిగా ఉంటుంది. లోపల మెత్తటి బెండు. ముదిరిన చెట్టుకు చేవ మందం, లేత చెట్టుకు పలచన. వడ్రంగి దూలాన్ని కొనేటప్పుడు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా, కర్ర చెక్కే బాడిశ వెనక వైపుతో తట్టుకుంటూ పోతాడు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఆగుతాడు. ఆ ఆగడమే విద్య. మా ఇంటి పాత దూలాన్ని మా ఊరి వడ్రంగి, నేను వరసకు మావయ్య అని పిలిచే పెద్దాయన, అలాగే తట్టి చూశాడు. నడిమికి వచ్చేసరికి చెయ్యి నిలిపి, వెనక్కు జానెడు జరిగి మళ్ళీ తట్టి, “అల్లుడూ, ఇక్కడ ఇల్లు ఖాళీ అయిపోనాది” అన్నాడు. నేను నిచ్చెన ఎక్కి చూశాను. పైన ఒక్క గాటు లేదు, ఒక్క రంధ్రం లేదు. వచ్చే ఏడు మార్పిద్దామన్నాను. ఆ వచ్చే ఏడు రాకముందే, ఒక గాలివాన రాత్రి, దూలం ఆ జానెడు చోటే వంగి, రెండు వరుసల పెంకు సాలలోకి దిగిపోయింది. దేవుడి దయ వల్ల గొడ్లను ఆ రాత్రి బయట కట్టారు. పొద్దున్న చాకుతో గుచ్చితే పిడి దాకా దిగింది. చెదలు లోపలిదంతా తినేసి, పై చెక్కును మాత్రం కాగితం మందాన వదిలిపెట్టాయి. కంటికి కనిపించే పై చెక్కును నేను నమ్మాను. లోపలిది చెప్పిన మనిషిని నమ్మలేదు.

రాతిపనిలో ఇంకొక తీరు. రాయిని చీల్చేవారు వరుసగా బెజ్జాలు వేసి, వాటిలో ఇనుప మేకులు దింపి, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క దెబ్బ చొప్పున కొట్టుకుంటూ పోతారు. మేకు బిగుస్తున్నకొద్దీ దాని మోత సన్నబడి పైకి లేస్తుంది. వరుస అంతా ఒకే స్వరానికి వచ్చినప్పుడు సుత్తి పక్కన పెట్టి ఊరుకుంటారు. కాసేపటికి, ఎవరూ కొట్టకుండానే, రాయి తనంతట తాను తెరుచుకుంటుంది. మన తూర్పు కనుమల్లో దొరికే ఖోండలైటు రాయి తాజాగా ఉన్నప్పుడు ఒక తీరు, వానకూ ఎండకూ కుళ్ళి మట్టిబారినప్పుడు ఇంకొక తీరు పలుకుతుంది. టెక్కలి వైపు క్వారీల్లో పనిచేసినవారిని అడిగితే నాకంటే బాగా చెబుతారు.

ఇప్పుడు సిమెంటు కాలం కదా, ఇదంతా ఎందుకు అని అనుకోవచ్చు. సరే, సిమెంటు దగ్గరికే వద్దాము. కాంక్రీటు లోపల ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇంజనీర్లు వాడే యంత్రం ఒకటి ఉంది. ఒక వైపు నుంచి, మన చెవికి అందనంత పై స్థాయి ధ్వనిని పంపి, అది రెండో వైపుకు ఎంతసేపట్లో చేరిందో కొలుస్తుంది. 1992లో వచ్చిన భారత ప్రమాణం 13311 మొదటి భాగం ఆ వేగానికి హద్దులు ఏర్పరచింది. సెకనుకు నాలుగున్నర కిలోమీటర్లు దాటితే కాంక్రీటు చాలా మేలైనదని, మూడు కిలోమీటర్ల కంటే తగ్గితే సందేహించదగినదని అది చెప్పింది. 2018లో దాని చోట కొత్త ప్రమాణం వచ్చింది. పగులు ఉంటే, బొక్కలు ఉంటే ధ్వని చుట్టు తిరిగి రావాలి, ఆలస్యమవుతుంది. ఆలోచించండి. బాడిశ వెనక వైపుతో మావయ్య చేసింది ఇదే కదా? యంత్రం అంకె చెబుతుంది, ఆయన ఖాళీ అయిపోయిందన్నాడు. మీ ఇంట్లో నేల మీద పరిచిన టైల్సును ఒక రూపాయి బిళ్ళతో తట్టి చూడండి. కింద సిమెంటు పట్టనిచోట డొల్లగా పలుకుతుంది. అది ఇవాళ కాకపోతే రేపు లేచిపోయే టైలు. ఇది తెలుసుకోవడానికి యంత్రం అవసరం లేదు.

అయితే ఈ విద్య ఎందుకు పోతున్నది? ముసలివారు పోతున్నారు కనుక పోతున్నదని అందరూ అంటారు. ముసలివారు ఏ కాలంలో పోలేదు? నాకు తోచిన కారణం వేరు. ఈ చెవి మేస్త్రీకి ఒక్కడికే ఉండేది కాదు. కొనేవాడికి కూడా ఉండేది. మా నాయనమ్మ సంతలో కుండ కొంటే, ఎడమచేతి వేళ్ళ మీద నిలిపి, కుడిచేతి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని గాని డబ్బు ఇచ్చేది కాదు. కుమ్మరి కూడా తానే ముందు తట్టి చూపించేవాడు. సరవకోట మండలంలో బుడితి కంచు పని ఉంది కదా, అక్కడ కంచు చెంబును కొనేవాడు మోగించకుండా కొనడు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. అక్కడ ఆ చెవి ఇంకా బతికే ఉంది. ఎందుకు బతికి ఉంది? వీణ కొనేవాడు వింటాడు కనుక. వినేవాడు ఉన్నంతకాలం చేసేవాడు వినక తప్పదు. ఇల్లు కట్టించుకునే ఆసామి ఒకప్పుడు పని దగ్గరే కూర్చొని, ఇటుక దిగుతుంటే తానూ రెండు తాకించేవాడు. ఇవాళ ఆసామి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటాడు. ఫోనులో ఫోటో చూస్తాడు. ఫోటోలో ఇటుక పలకదు. కాంట్రాక్టరుకు చదరపు అడుగు లెక్క. ఎవరూ విననప్పుడు, ఒక ఇటుకను వెనక్కు విసిరేసిన మేస్త్రీకి మిగిలేది మాట పడడమే.

సరుకు కూడా మారింది. 1999లో కేంద్ర ప్రభుత్వం, థర్మల్ విద్యుత్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపల ఇటుక చేసేవారు ఆ కేంద్రాల బూడిద కలపాలని ఉత్తర్వు ఇచ్చింది. తరవాత ఆ దూరం పెరిగింది. బూడిద ఇటుకలో చాలా రకాలు బట్టీలో కాల్చేవి కావు, నీళ్ళు పట్టి గట్టిపరిచేవి. వాటి గొంతు వేరు. ఎర్ర ఇటుకకు అలవాటుపడిన పాత మేస్త్రీ, ఇవన్నీ చచ్చినవేనని తోసిపారేస్తాడు. అది తప్పు. బూడిద ఇటుకలో కూడా బాగా నీళ్ళు పట్టినదానికీ పట్టనిదానికీ తేడా వినిపిస్తుంది. నేను కూర్చొని విని చెబుతున్నాను. అయితే ఆ చెవిని మొదటి నుంచి మళ్ళీ తయారు చేసుకోవాలి. తయారు చేసుకోవలసిన కుర్రవాళ్ళు వలస వెళ్ళి, పరాయి ఊళ్ళలో సెంట్రింగు పనిలో, రాడ్డు పనిలో ఉన్నారు. వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కూలి అక్కడ ఉంది.

మూడో సంగతి నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. ఇవాళ పని దగ్గర నిలబడండి. కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతుంటుంది, దాన్ని కుదించే వైబ్రేటరు, రాయి కోసే మిషను. ఆ హోరులో ఎవరు ఏం వినగలరు? అంతకంటే ఘోరం, ఆ హోరు చెవులను తినేస్తుంది. పెద్ద శబ్దాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసినవారికి ముందుగా పోయేది సన్నటి, పై స్థాయి ధ్వనులు వినే శక్తి. సెకనుకు సుమారు 4000 కంపనాల దగ్గర మొదట దెబ్బ తింటుందని వైద్యులు చెబుతారు. ఇటుక మోతలోని ఖంగు కూడా ఇంచుమించు ఆ పై స్థాయిలోనిదే. మా నాన్నగారికి చివరి సంవత్సరాల్లో వినికిడి బాగా తగ్గింది. మేము కొత్త గది వేస్తున్నప్పుడు ఆయన్ను కుర్చీలో తీసుకొచ్చి కూర్చోబెట్టాము. ఇటుక అడిగి తీసుకున్నారు. రెండు అంగుళాల దగ్గర కాకుండా, ఈసారి ఒక మూలను గోళ్ళతో ముట్టుకొని, నన్ను కొట్టమన్నారు. కొట్టాను. కాసేపు కళ్ళు మూసుకొని ఉండి, “వేలికి వస్తన్నాదిరా” అన్నారు.

నేను కోరేది పెద్దది కాదు. పాలిటెక్నిక్‌లో, ఐటీఐలో ప్రయోగశాల అలమరలో మంచి ఇటుకలే ఉంటాయి. దయచేసి చెడ్డవి కూడా ఉంచండి. సగం కాలినది, పగులు ఉన్నది, తడిసినది, ఉప్పు పూసినది. ఒక చెదలు తిన్న దూలం ముక్క ఉంచండి. పిల్లలు రెండింటినీ చేత్తో పట్టుకొని వినాలి. పని మానేసిన మేస్త్రీని వారానికి ఒక పూట పిలిచి, కూలి ఇచ్చి, పిల్లల పక్కన నిలబెట్టండి. ఆయనను ఉపన్యాసం ఇమ్మనవద్దు, వీడియో తీయవద్దు. పక్కన నిలబడి “ఏమంటున్నది?” అని అడిగితే చాలు. ఇల్లు కట్టించుకుంటున్నవారు ఇక్కడ ఉంటే, ఒక్కసారి, ఒక్క లోడు దగ్గరైనా, మీరే వెళ్ళి తాకించి వినండి. మేస్త్రీ మీ ముఖం చూస్తాడు. మీరు వింటున్నారని తెలిస్తే ఆయన కూడా వింటాడు.

ఇంక నేను మాట్లాడను. పిల్లలు ముందుకు రండి. ఈ మూడు ఇటుకలకు తోడు, ఆ సంచిలో ఇంకో ఆరు ఉన్నాయి. వాటిలో ఏవి మంచివో ఏవి చెడ్డవో నేను చెప్పను. చివర నుంచి రెండు అంగుళాలు, రెండు వేళ్ళతో, వదులుగా. ఆ పక్కనున్నవారు దయచేసి ఫ్యాన్లు ఆపండి.